అట్ట మీది చేప

దేశ వాతావరణ ప్రణాళికలో సముద్రం అధ్యాయం రాసింది ఓ జాలరి కూతురే. ఆ పుస్తకం అట్ట మీదికి జాలరి ఫోటో కావాలంటే నాన్న దగ్గరికే, రేవుకి వచ్చింది.

"ఖాళీ వలతో ఏం బాగుంటుంది నాన్నా?" అంటూ ఐసుపెట్టెలోంచి బజార్లో కొన్న చేపను తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

"పొట్ట కోసేశారు కదే!" అని ఆయన ఆ కోత కనబడకుండా తన వైపు తిప్పుకున్నాడు.

"ఒక్కసారి నవ్వు నాన్నా."

"ఏం చూసి నవ్వమంటావే? ఈ చేప మన నీళ్లలో కనబడి పదేళ్లయింది. ఎక్కడ పట్టారట?"

ఆమె పెట్టె మీది చీటీ చదివింది. ఎక్కడో పరాయి దేశం.

"అయితే ఇంకా బతికే ఉన్నాయన్నమాట!" చచ్చిన చేపను నిమిరి, ఆయన మనసారా నవ్వాడు.

ఆమె ఫోటో తీసేసింది. దాని కింద వేసే మాట ఆఫీసులో ముందే ఖాయమైంది: "మన సముద్రం కోలుకుంటోంది."