నలభై ఆరేళ్ళ శిష్యుడు

"మళ్ళీ తప్పే. ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?"

పని నుంచి వచ్చిన వీరమ్మ, వంటగదిలో కూతురి గొంతు విని గుమ్మంలోనే ఆగిపోయింది.

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఆ ఫ్లాటుని చెక్కలు అడ్డంపెట్టి గదులు చేశారు. ఒకదాంట్లో వీరమ్మ, పదహారేళ్ళ శాంతిప్రియ. భర్త రాజబాబు అబుదాబిలో డ్రైవరు, నెలకోసారి వస్తాడు. పక్కగదిలో రత్నాకర్, జెబెల్ అలీ గోడౌన్లో పెట్టెలు మోసే మనిషి. వంటగది అందరిదీ.

శాంతిప్రియ ఆయనకి లెక్కలు చెబుతోంది.

కరోనాలో ఫోను చదువులు వచ్చాక పుస్తకం ముట్టని పిల్ల అది. బడివాళ్ళు పేరు కొట్టేశారు. ఇంట్లో చదివి పదో తరగతి రాయొచ్చని, వీరమ్మ వంట చేసే ఇంటి మేడమ్ ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టించింది. ఆ పుస్తకాల కట్టా ఏడు నెలలుగా విప్పలేదు.

"ఏంటండీ ఇదీ?" అంది వీరమ్మ లోపలికొచ్చి.

రత్నాకర్ లేచి నిలబడ్డాడు. "నేను గూడ టెన్త్ రాస్తనమ్మా. పాసైతే మోసుడు తప్పిస్తనన్నడు మా ముదీర్, గదే మేనేజరు. బిడ్డ నేర్పిస్తున్నది."

"ఈయనకి ఫ్రాక్షన్లు కూడా రావే అమ్మా," అని నవ్వింది శాంతిప్రియ.

రెండేళ్ళకి నవ్వింది. ఆ నవ్వు చూసే వీరమ్మకి భయం పట్టుకుంది.

నలభై ఆరేళ్ళ మగాడు. తను పనికెళితే ఇంట్లో పిల్ల ఒక్కతే. జరగరానిది జరిగితే రాజబాబుకి ఏ మొహంతో చెప్పుకోవాలి?

పిల్ల పొద్దున్నే లేచి, సాయంత్రం చెప్పాల్సిన పాఠం ముందుగా చదువుకుంటోంది. వీరమ్మకి అదీ అనుమానంగానే తోచింది.

నెల తిరక్కుండా, ఫ్లాటు చూసుకునే అయూబ్‌తో చెప్పింది.

"ఆడపిల్ల ఉన్న ఇల్లు భాయ్. ఆయన్ని పంపించెయ్యండి."

"ఏమన్నా చేసిండా?"

"చేసేదాకా ఆగమంటారా?"

"ఖలాస్, రేపే ఖాళీ చేపిస్త," అన్నాడు అయూబ్.

రత్నాకర్ పెట్టె సర్దుకున్నాడు. "బిడ్డ సదువు ఆగనియ్యకమ్మా," అని చెప్పి కంపెనీ లేబర్ క్యాంపుకి వెళ్ళిపోయాడు.

శాంతిప్రియ మళ్ళీ పుస్తకం మూసేసి మంచం ఎక్కింది.

"లేచి చదువుకోవే తల్లీ."

"ఎవరికి చెప్పాలని చదవను?" అంది గోడవైపు తిరిగి.

పరీక్షలు వచ్చాయి, వెళ్ళాయి. పిల్ల కదల్లేదు. అన్నం కూడా సరిగ్గా ముట్టడం లేదు. రత్నాకర్ ఫోను పలక్కపోయేసరికి, ఒక ఆదివారం వీరమ్మ బస్సెక్కి అతని క్యాంపు వెతుక్కుంటూ వెళ్ళింది. గదిలో భోజన్న అనే ఆయన ఉన్నాడు.

"రత్నాకర్ గారు లేరాండీ? మళ్ళీ రమ్మని బతిమాలుకుందామని వచ్చాను. మా పిల్ల పాఠాలు చెబుతుంది. ఆయనా టెన్త్ పాసవ్వాలి కదండీ."

భోజన్న ఆమెను వింతగా చూశాడు.

"వీసా అయిపోయి పోయిన నెలనే ఇంటికి వోయిండు. టెన్త్ పాసవుడేందమ్మా? కరోనాల బడి మూతవడి ఈ పెట్టెలు మోసుడుకచ్చిండు గని, పందొమ్మిదేండ్లు టెన్త్ పిల్లలకు లెక్కలు జెప్పిన సారు ఆయన."