నీళ్ళు కొంచెం కదపండి

"నాన్నా, లైవ్ పెడదామా?"

"ఎప్పుడో పెట్టేశానమ్మా. కొర్రమీనులు తొట్టెలో, మట్టగిడసలు బకెట్లో. ఎగిరెగిరి మొహం మీద కొడుతున్నాయి."

"చేపలు కాదు నాన్నా, నువ్వు. నువ్వు లైవ్‌లోకి రావాలి."

"నేనింకా పోలేదు కదే లక్ష్మీదుర్గా!"

ఏలూరు పవర్‌పేటలోని వెంకట్రాజు చేపల కొట్టు ఇన్‌స్టాలో గృహప్రవేశం చేసిన విధం ఇది.

చేయక తప్పలేదు. పక్క వీధిలో ఏసీ షాపు వెలిసింది. అక్కడ చేపని ముక్కలు కోసి, డబ్బాలో పెట్టి, స్టిక్కరు అంటించి మరీ అమ్ముతున్నారు. బతికున్న చేపలమ్మే వెంకట్రాజు కొట్టేమో కొనఊపిరితో ఉంది. క్రిస్మస్ దాకా చూసి షట్టరు దించేద్దామనుకున్నాడు.

"కొల్లేట్లో వలేస్తే చేపలు పడతాయి. నెట్లో వలేస్తే కస్టమర్లు పడతారు," అంది కూతురు.

"దానికి బలం కావాలి, దీనికి బ్యాలెన్సు కావాలి," నిట్టూర్చాడు వెంకట్రాజు.

రోజూ తెల్లవారకముందే కొల్లేటి నుంచి బండి వస్తుంది. చేపల్ని తొట్టెలో పోసి, చొక్కా మార్చి, ఫోను ముందు నిలబడి నవ్వాలి. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఏ చేపా తనని నవ్వమని అడగలేదు.

చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళలో ఒక్కడు మాత్రం రోజూ హాజరు. పేరు తోమా. ఫొటో ఉండాల్సిన చోట నీటికోడి బొమ్మ.

"శుభోదయం రాజుగారూ," అని కామెంటు పెట్టేవాడు. "ఆ తొట్టె కాస్త దగ్గరగా చూపిస్తారా అండీ?"

చూపించేవాడు.

"నీళ్ళు కొంచెం కదపండి."

కదిపేవాడు.

"ఆ మూలది కదల్లేదండీ. ఇంకోసారి."

"ఇది చేపల కొట్టా, ఈసీజీ సెంటరా?" అని గొణుక్కుంటూ మళ్ళీ కదిపేవాడు.

"కేజీ ఎంతండీ?"

చెప్పేవాడు.

"సంతోషమండీ. ఉంటాను."

అంతే. ఏనాడూ ఒక్క చేప కొన్న పాపాన పోలేదు.

కానీ లైవ్ అయిన కాసేపటికి కొట్టు ఫోను మోగేది. "రాజుగారాండీ? బతికున్న కొర్రమీనులు వచ్చాయట కదా. కాలవగట్టు పేటకి పంపుతారా?" మొదట ఎవరో ఆడమనిషి. ఆ వెనకే మరొకరు, ఇంకొకరు.

"చూశావా నాన్నా, లైవ్ పవర్!"

"పవర్‌పేటలో పవర్ లేకపోతే ఎలాగే!" అనేవాడు తండ్రి. బేరాలు బాగున్నాయి గానీ మోకాళ్ళు బాగోలేవు.

ఓ రోజు బండి ఆలస్యమైంది. నీళ్ళు మంచుముద్దలా ఉన్నాయి. చేతులు కొంకర్లు పోతున్నాయి. సరిగ్గా అప్పుడే కామెంటు వచ్చింది.

"నీళ్ళు కొంచెం కదపండి రాజుగారూ."

వెంకట్రాజుకి చిర్రెత్తింది. తోమాని బ్లాక్ చేసేశాడు.

"కొనేవాళ్ళు ఉండండి. కదిపించేవాళ్ళు కదలండి!" అని ఆ తర్వాత లైవ్‌లోనే అనేశాడు.

"పాపం, పెద్దాయనేమో నాన్నా."

"రేటడిగే రకమే గానీ, ప్లేటులో వడ్డించుకునే రకం కాదమ్మా."

ఆ రోజు ఫోను మోగలేదు.

మర్నాడూ మోగలేదు.

లక్ష్మీదుర్గ రీల్స్ చేసింది. పాటలు పెట్టింది. తెర మీద ఎర్రటి గుండెలు బుడగల్లా పైకి తేలాయి. తొట్టెలో కొర్రమీనులూ తేలాయి.

"హార్టులొస్తున్నాయి, ఆర్డర్లే రావడం లేదు," అన్నాడు వెంకట్రాజు. నవ్వే ఓపిక లేక చొక్కా మార్చడం కూడా మానేశాడు. అద్దెకి వేరే ఎవరినైనా చూసుకోమని కొట్టు యజమానికి కబురు పంపాడు.

ఆ వారంలోనే, ఓ పొద్దుట తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ ఒకామె కొట్టు మెట్లెక్కింది. లోపల ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళు ఉన్నారు.

"రాజుగారూ, ఒంట్లో ఎలా ఉందండీ ఇప్పుడు?"

ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది.

"నాకేమైందమ్మా? గుండ్రాయిలా ఉన్నాను."

"అమ్మయ్య! నన్ను వరమ్మంటారండీ. కాలవగట్టు పేట. రోజూ మొదటి ఫోను నాదేగా. రేపు మా ఇంట్లో ఆదరణ కూడికండీ. భోజనాల్లోకి మీ చేపలే కావాలి. మా ఆయన పోయారు."

"అయ్యయ్యో. మీవారి పేరమ్మా?"

"తోమా అండీ."

కాటా దగ్గరున్న లక్ష్మీదుర్గ తలెత్తి తండ్రి వైపు చూసింది. వెంకట్రాజు చెయ్యి తొట్టె అంచు మీదే ఆగిపోయింది.

"మా చర్చిలో గంట కొట్టేవారండీ," అంది వరమ్మ. "తెల్లారి ప్రార్థన అయ్యాక మైకులో పేట కబుర్లు చెప్పడమూ ఆయన పనే. కుళాయి ఎప్పుడొస్తుంది, ఎవరి మేక తప్పిపోయింది, మీ కొట్లో ఏం చేపలొచ్చాయి. మా పేటలో ఫోన్లలో ఇవన్నీ చూసేదెవరండీ? ఆయన చూసేవారు, మేం వినేవాళ్ళం."

బేరగాళ్ళు బేరం మరిచిపోయి వింటున్నారు.

"కొల్లేట్లో పుట్టిన మనిషి. చచ్చిన చేపని బతికుందని దేవుడి మైకులో చెప్పకూడదని, కదిలేదాకా చూసి గానీ చెప్పేవారు కాదు."

"మరి... ఫోన్లెందుకు ఆపేశారమ్మా?" అడిగాడు వెంకట్రాజు.

"ఆయన ఫోన్లో మీరు కనబడ్డం మానేశారు కదండీ," అంది వరమ్మ. "పొద్దున్నే లేచి వెతుక్కునేవారు. 'రాజుగారికి ఒంట్లో బాగోలేదులా ఉంది, కోలుకోవాలని ప్రార్థిద్దాం, అందాకా ఎవరూ ఫోన్లు చేసి ఆయన్ని కదపకండి' అని మైకులో చెప్పారండీ, అదే ఆయన చెప్పిన ఆఖరి కబురు."