కారు కింద నెలవంక

"పైకెత్తుతున్నారు! ఇంజినీరు గారూ, తొందరగా రండి, పైకెత్తుతున్నారు!"

మెకానిక్ ఫుల్వియో కేక వినగానే ఒట్టావియో కాఫీ కప్పు ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోకుండా కంచె దగ్గరికి పరుగెత్తాడు. మొనాకో రేసు ప్రాక్టీసులో అందరికంటే ముందున్న ఎదుటి జట్టు ఊదారంగు కారు రేవు పక్క మలుపులో గోడకి కొట్టుకుని ఆగిపోయింది. డ్రైవరు దులుపుకుని దిగి నడిచి వెళ్లిపోయాడు. క్రేను కారుని మెల్లగా గాల్లోకి లేపుతోంది.

ఒట్టావియో చూపంతా దాని పొట్ట మీదే ఉంది.

రేసు కారుకి పైన కనిపించే రెక్కలూ సోకులూ సగమే. నేలకీ కారుకీ మధ్య సందులోంచి దూసుకుపోయే గాలే దాన్ని రోడ్డుకి కరిపించి ఉంచుతుంది. అందుకే ఏ జట్టూ తన కారు అడుగుభాగాన్ని కన్నతల్లికైనా చూపించదు. ఒట్టావియో తయారు చేసిన కారుకి ఆ గాలే సరిగ్గా కుదరలేదు. తిన్నని రోడ్డు మీద కప్పలా గెంతుతోంది. డ్రైవరు పావెల్ ప్రతి రేసు తర్వాతా నడుం పట్టుకుని దిగి, "ఇది కారా, గాడిదా?" అని మైకుల ముందే అడుగుతున్నాడు. వేసవి దాటేలోగా ఆ గెంతులు ఆగకపోతే వేరే ఇంజినీరుని చూసుకుంటానని యజమానురాలు లొరెదానా మొహం మీదే చెప్పేసింది.

ఊదా కారు మాత్రం అదే రోడ్డు మీద ఇస్త్రీపెట్టెలా సాగిపోతోంది.

"ఫొటో తియ్యరా!"

"తీస్తూనే ఉన్నా. అదిగో, దుప్పట్లు పట్టుకొస్తున్నారు దొంగ సచ్చినోళ్లు!"

"దొంగలం మనంరా. నువ్వు తియ్యి."

ఊదా చొక్కాల వాళ్లు పరుగున వచ్చి కారు కుడివైపు కప్పేశారు. ఎడమవైపు దుప్పటి సముద్రపు గాలికి ఎగిరిపోయింది. మళ్లీ దాన్ని పట్టుకునేలోగా ఒట్టావియో చూడనే చూశాడు. అడుగు పలక అంచున, వెనక చక్రానికి కాస్త ముందు, నెలవంకలాంటి గాటు.

"ఏంటండీ అది?" అన్నాడు ఫుల్వియో.

"అదే తెలిస్తే నేను ఇలా కంచెకి వేలాడతానా?"

ఫ్యాక్టరీకి వెళ్లాక ఆ ఫొటోని గోడంత చేసి చూశారు. అక్కడ గాటు ఎందుకు పెట్టారో ఒక్కరికీ అంతుపట్టలేదు. లెక్కలు వేస్తే ఉపయోగం లేదని తేలింది. చివరికి ఒట్టావియో మొండిగా తమ నమూనాకి రెండు వైపులా అదే గాటు పెట్టించి గాలి సొరంగంలో నిలబెట్టాడు. గెంతులు మంత్రం వేసినట్టు ఆగిపోయాయి.

"ఎందుకు ఆగాయి?" అంది లొరెదానా.

"ఆగాయి కదమ్మా!"

"ఎందుకు ఆగాయని అడుగుతున్నా."

"అది... చాలా సూక్ష్మమైన విషయం."

ఇంగ్లండులో జరిగిన రేసులో పావెల్ గెలిచాడు. నడుం పట్టుకోకుండా, నవ్వుతూ దిగి, అందరి ముందూ ఒట్టావియోని ఎత్తి గిరగిరా తిప్పాడు. ఉద్యోగం నిలబడింది. అయినా ఒట్టావియోకి గెలిచిన రుచి తెలియలేదు. భోజనాల బల్ల మీద, కారు అద్దం మీది ఆవిరిలో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఆ నెలవంకే గీస్తున్నాడు. సరిగ్గా అక్కడే ఎందుకు? అంతే వంపు ఎందుకు? ఊదా కారుకి రూపమిచ్చిన మొయిరా అనే స్కాట్లండు ఆవిడతో అతనికి ముఖపరిచయమే. ఆ బుర్రకి మాత్రం ఒక దండం పెట్టాలనిపించింది.

రెండు రేసుల తర్వాత ఆమె తనే వచ్చింది. సన్నగా వాన పడుతుంటే, టీ కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని తిన్నగా అతని గుడారంలోకి నడిచి వచ్చింది. దొరికిపోయాననుకున్నాడు ఒట్టావియో.

"మీ పావెల్ ఇవాళ కూడా నవ్వుతూ దిగాడు. సంతోషం," అంది.

"అంతా దేవుడి దయండీ."

"దేవుడిది కాదు, నెలవంకది."

ఒట్టావియో గబగబా గుడారం తెర దించేశాడు.

"మీ కారు జాకీ మీద ఉన్నప్పుడు మావాళ్లు ఫొటో తీశారు," అంది మొయిరా గొంతు తగ్గించి. "తప్పే, ఒప్పుకుంటున్నా. మా సొరంగంలో ఆ గాటు పెట్టి చూశాం. అద్భుతంగా పనిచేస్తోంది. ఎందుకో మాత్రం మాలో ఎవరికీ తెలియడం లేదు. నాకు తిండి సయించడం లేదంటే నమ్మండి. సిగ్గు విడిచి అడుగుతున్నా, అది మీకెలా తట్టింది?"

"ఆట పట్టిస్తున్నారా?"

"ఈ వానలో ఇంత దూరం అందుకు వస్తానా?"

ఒట్టావియోకి ఇంక దాచే ఓపిక లేకపోయింది. "మీ దగ్గర్నుంచే కొట్టేశానండీ! మొనాకోలో మీ కారు క్రేనుకి వేలాడుతుంటే కళ్లారా చూశాను. ఫిర్యాదు చేసుకోండి, నా ఉద్యోగం ఊడగొట్టించండి. ముందు అది ఎలా పనిచేస్తుందో చెప్పి పుణ్యం కట్టుకోండి!"

ఫోనులోని ఫొటో ఆమె ముందు పెట్టాడు. మొయిరా టీ కప్పు కింద పెట్టి, ఫోను అందుకుని, బొమ్మని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూసింది. ఆమె భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాడు. నవ్వుతోంది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఫోను అతని చేతిలో పెట్టింది.

"ఒట్టావియో గారూ, ఇది మేం చెక్కింది కాదండీ. మొనాకో గోడ కొరికింది."