పౌడరు దొరసాని

మణికుమారి తాగే గ్లాసును తీసి గుమ్మం బయట పెట్టారు.

పెట్టింది పరాయివాళ్లు కాదు, మస్కట్ క్వార్టర్లో ఒకే గిన్నెలో కూర పంచుకు తిన్న తోటి నర్సులే.

ఆమె రెండు బుగ్గల మీదా ఎర్రటి మచ్చ లేచింది. కీళ్లు పట్టేశాయి. అంటురోగమని ఆసుపత్రిలో గుసగుసలు మొదలై, శుక్రవారం విమానంలో ఇంటికి పంపేయాలన్నంత దాకా వచ్చింది.

సీనియర్ నర్సు దెబోరా ఆ కబురు మోసుకొచ్చింది.

"ఎళ్లిపోవే మణీ. ఊళ్లో ప్రార్థన చేయించుకుంటే తగ్గిపోద్ది."

"నేనేం తప్పు చేశానని ఎళ్లాలక్కా?"

సరిగ్గా అప్పుడే ఎదురింటి ఫుసాకో వచ్చింది. ఘుబ్రా ప్రాంతంలో పనిచేసే జపాను ఇంజనీరు భార్య. మస్కట్ ఎండకు ఎప్పుడూ గొడుగు, చేతులకు తొడుగులు, ముఖానికి సున్నం కొట్టినట్టు పౌడరు. నర్సులు పౌడరు దొరసాని అని పేరు పెట్టి నవ్వుకునేవారు. మణికుమారి కూడా నవ్వింది.

ఫుసాకో బయటున్న గ్లాసు తీసుకుని లోపలికొచ్చింది. కుండలో నీళ్లు ముంచి సగం తాగింది. మిగతా సగం మణికుమారికి ఇచ్చింది.

దెబోరా అడ్డం వెళ్లబోయి ఆగిపోయింది.

"ఇది అంటుకోదు," అంది ఫుసాకో వచ్చీరాని ఇంగ్లీషులో. "లూపస్ అనే జబ్బు. కొన్ని ఇళ్ల రక్తంలో దీనికి పుట్టుకతోనే చోటుంటుంది. మా అమ్మకొచ్చింది, అక్కకొచ్చింది. జపాన్‌లో డాక్టర్లు మా అందరి రక్తం తీసి చూశారు. మా బావ అక్క పళ్లెంలోనే తినేవాడు, ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు. నువ్వు వెళ్లకు."

మర్నాడు మణికుమారి పెద్ద డాక్టరు ముందు నిలబడింది.

"ఇది అంటుకుంటుందని రాసి సంతకం పెట్టివ్వండి సార్, వెళ్లిపోతాను."

ఆయన పెట్టలేదు. శుక్రవారం విమానం ఆమె లేకుండానే ఎగిరింది. మచ్చ దాచుకోకుండా తలెత్తుకుని డ్యూటీకి వెళ్లింది. గ్లాసు మళ్లీ గూట్లోకి చేరింది.

ఆ సంతోషంలో ఎదురింటికి వెళ్లి ఒక్క థాంక్స్ చెప్పాలని రోజూ అనుకునేది. వెళ్లలేదు.

చలికాలంలో ఫుసాకోను ఆసుపత్రికి స్ట్రెచర్ మీద తెచ్చారు. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. సాయంత్రానికి ప్రాణం పోయింది.

శరీరాన్ని తానే కడుగుతానని మణికుమారి పట్టుబట్టింది. దెబోరా నీళ్లు పోసింది.

"ఇంత జబ్బులోనూ పౌడరు మానలేదు చూడు, పిచ్చి తల్లి," అంది దెబోరా.

మణికుమారి తడిగుడ్డతో ఆ ముఖం మెల్లగా తుడిచింది.

పౌడరు పోయాక, రెండు బుగ్గల మీదా అచ్చం తనకున్న ఎర్రటి మచ్చే కనిపించింది.