వేలాడే వైరు

కారు తలుపుకు తాళం వేసి లేదు. లేచిన వేళ మంచిదే అనుకున్నాడు పొందిక.

ఆఫీసు భవనం కింద సెల్లార్. భోజనాల వేళ. పైన మనుషులు తింటూంటారు, కింద కార్లు కునుకు తీస్తూంటాయి. ముందు అద్దం మీద కెమెరా కనిపిస్తే చాలు, పొందిక దాన్ని ఊడదీసి, ఖాళీ అయిన తన క్యారేజీ పైగిన్నెలో పెట్టి, మూత బిగించి, దర్జాగా మెట్లెక్కి వెళ్లిపోతాడు. ఆ క్యారేజీ రోజూ భార్య కట్టి ఇస్తుంది. ఆమె లెక్కలో అతను ఇంకా కార్ల వైరింగు షాపులోనే పనిచేస్తున్నాడు.

ఆ షాపు మానేసి చాలా కాలమైంది. మేస్త్రి చూడకుండా ఓ స్టీరియో అమ్ముకున్నాడు. ఆయన అడగకముందే మొహం చాటేశాడు. షాపు పోయింది గానీ అక్కడ అబ్బిన బుద్ధి పోలేదు. కెమెరా పట్టుకుపోయినా సరే, మిగిలిన వైరును ఎనిమిది అంకెలా చుట్టి, నల్లదారంతో రెండు ముళ్లు వేసి లోపలికి తోసి, విప్పిన ప్లాస్టిక్ పట్టీలన్నీ మళ్లీ బిగించి గానీ కదలడు. "వైరు కంటికి కనిపించిందంటే నువ్వు పని చేయలేదని అర్థంరా" అంటూ మేస్త్రి స్క్రూడ్రైవరు పిడితో వేళ్ల మీద కొట్టి నేర్పిన పాఠం అది. పొందిక అని పేరు పెట్టింది కూడా ఆయనే.

సీట్లో కూర్చుని తలెత్తి చూశాడు. చూసి, కళ్లు మూసుకున్నాడు.

కెమెరా నుంచి వైరు అద్దానికి అడ్డంగా, బట్టలారేసే తాడులా వేలాడుతోంది. అక్కడినుంచి గేరు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి లైటర్ సాకెట్టులోకి దిగింది. మధ్యలో రెండుచోట్ల, దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్కలు అంటించి ఉన్నాయి.

"ఎవరయ్యా నువ్వు?"

తలుపు పక్కన ఒకావిడ. చేతిలో ఫోను. పొందిక క్యారేజీని ఒళ్లోకి లాక్కున్నాడు. పోయినసారి దొరికినప్పుడు, ఇంకోసారైతే జైలేనని చెప్పి వదిలారు పోలీసులు. జైలు సంగతి తర్వాత. క్యారేజీ కట్టే మనిషికి ఏం చెప్పడం?

"కెమెరా వైరు సరిగ్గా వేయమన్నారమ్మా. సారు పంపారు."

ఏ సారో అతనికే తెలియదు. ఆవిడ అతన్నీ, ఒళ్లో ఉన్న క్యారేజీనీ కాసేపు చూసింది.

"హమ్మయ్య, ఇన్నాళ్లకు పంపారా! సరే, కానివ్వు. నేనిక్కడే నిలబడతాను."

తేలు కుట్టిన దొంగలా పొందిక పనికి దిగాడు. ఫ్యూజు దగ్గర తగిలించే సామాను జేబులోనే ఉంది. ఏ కారులోంచి పీకిందో గుర్తులేదు. వైరును పైకప్పు గుడ్డ అంచులోకి వేలితో నొక్కుకుంటూ పోయి, అద్దం పక్క కంబం మీది ప్లాస్టిక్ పట్టీ విప్పాడు.

"ఆ కంబంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుందటగా? వైరు అడ్డం కాదూ?" అందావిడ.

"వెనకనుంచి పోనిస్తానమ్మా. ముందునుంచి పోనిచ్చేవాడు పనివాడు కాదు, హంతకుడు."

"కారు ఆపాక కూడా కెమెరా పనిచేయాలయ్యా. ఇక్కడ దొంగలు తిరుగుతున్నారట."

పొందికకు పొలమారింది.

"అవునమ్మా, రోజులు బాగాలేవు. ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకొకటి, తాళం తిప్పితే వచ్చేదానికొకటి ఇస్తాను. ఆపినా కన్ను మూయదు."

"మరి ఇంతకుముందు వేసినతను ఇలా ఎందుకు వేసినట్టో?"

"ఎవడో గానీ, వాడి చెయ్యి పడిపోను!"

ఆవిడకు దగ్గు తెర వచ్చింది. ఫోను ఇంకో చేతిలోకి మార్చుకుంది.

పని సాగేకొద్దీ పొందిక భయం మరిచిపోయాడు. వైరు అంగుళం అంగుళం మాయమవుతూంటే ఈలపాట కూడా అందుకున్నాడు. ఇన్ని కెమెరాలు ఊడదీశాడు గానీ, ఒక్కటి బిగించినప్పటి ఈ హాయి ఎక్కడా దొరకలేదు. మిగిలిన వైరును ఎనిమిది అంకెలా చుట్టాడు. నల్లదారం, రెండు ముళ్లు. డ్యాష్‌బోర్డు కిందికి తోశాడు. కెమెరాలో పచ్చదీపం వెలిగింది. అద్దం మీద వైరన్నదే లేదు.

"వస్తానమ్మా," అంటూ క్యారేజీ అందుకున్నాడు.

"ఆగు."

ఆవిడ వంగి, డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి, ఆ చుట్టను తడిమి బయటికి లాగింది. ముళ్లు చూసింది. ఇందాకటినుంచీ కలిపే ఉన్న ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"దొరికాడు నాన్నా. అదే ముడి."

పొందిక క్యారేజీ కింద పెట్టి చేతులు జోడించాడు.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను, పోలీసులకు మాత్రం..."

"నువ్వు కెమెరాలు పట్టుకుపోయిన కార్లన్నీ కొత్తవాటికోసం మా షాపుకే వచ్చాయి," అందావిడ. "పట్టీ విప్పి ఆ నల్లదారం చూసినప్పుడల్లా నాన్న తనలో తనే నవ్వుకునేవారు. ఇదిగో, మాట్లాడు."

హాస్టల్లో చదువుకునే కూతురుందని మేస్త్రి అనడం పొందికకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోనులోంచి గొంతు సెల్లారంతా మోగింది.

"నువ్వు తిట్టకముందే నా చెయ్యి పడిపోయిందిరా పొందికా! ఉన్న ఒక్క చేత్తో ఆ వైరును నీకు ఎరగా అంత దరిద్రంగా వేలాడదీయడానికి నా ప్రాణం ఎంత ఉసూరుమందో నీకేం తెలుసు గానీ, క్యారేజీ పట్టుకుని షాపుకు రా, ఊడదీసినవన్నీ మళ్లీ బిగించాలి!"