గంట తేడా

యుద్ధంలో ఓడ మునిగిన రోజు గడియారాలమ్మకు ఎనిమిదేళ్ళు. ఆమె అన్న ఆ ఓడలో వైర్‌లెస్ మీద వార్తలు పంపే పని చేసేవాడు. యుద్ధం ముగిసింది, మిగతా ఓడలు తిరిగొచ్చాయి. అన్న ఓడ ఎక్కడ మునిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడామెకు ఎనభై ఆరు. నలభై ఏళ్ళు చేతిగడియారాలు బాగుచేసిన కళ్ళు ఇంకా నిక్షేపంలా ఉన్నాయి. ఓపికే అడుగంటింది. అందుకు కారణం బల్లకు అవతల కూర్చుని ఉంది.

మందుల షాపతను ప్రతి ఆదివారం షట్టరు దించి, సముద్రపు పటం చుట్టి చంకలో పెట్టుకుని వస్తాడు. మూడేళ్ళుగా ఆ ఓడే అతని లోకం. మొదటి రోజు ఒక పాత నోట్‌బుక్ తెచ్చి, "మా నాన్నదమ్మా. ఆ రోజు ఆయనా అక్కడే ఉన్నాడు" అన్నాడు. ఆమె భూతద్దం కంటికి బిగించి పేజీలన్నీ తిరగేసింది. ఎక్కడా నీళ్ళు తగిలి సిరా చెదరలేదు. అట్ట మీద ముద్ర ఉండాల్సిన చోట తెల్లకాగితం అంటించి ఉంది.

"ఏమయ్యా, లెక్క తేలిందా?"

"ఎక్కడమ్మా! ఓడ ఉన్న చోటు చెబుతూ మీ అన్నయ్య చివరి వార్త పంపింది నాలుగూ పదికి. మా నాన్న రాసిందేమో ఐదుంపావుకు మునిగిందని. మధ్యలో గంటసేపు ఎటు కొట్టుకుపోయిందో..."

"మూడేళ్ళుగా ఇదే పాట!"

"సముద్రం సర్వేవాళ్ళు వచ్చే నెల ఒక్కరోజే వెతుకుతారట. ఒక్క చోటు చెప్పమంటున్నారు. తప్పితే మళ్ళీ రారు."

"వాళ్ళు రాకపోవడం కాదు నాయనా, నేనుండొద్దూ? వాడెక్కడున్నాడో తెలుసుకుని పోనీ నన్ను."

అతను పటం ఆమె ముందుకు జరిపాడు. ఆమె విసురుగా పెన్సిలు లాక్కుంది.

"రెండు టైములూ సరైనవే. మీ నాన్న చూసిన గడియారం వేరే దేశపు టైములో ఉంది. గంట తీసెయ్యి."

"అంటే... ఐదు నిమిషాలే!"

"ఐదే. ఇంక కొట్టుకుపోయేదెప్పుడు? మావాడు వార్తలో చెప్పిన చోటే ఉంది."

పటం మీద చుక్క పెట్టింది.

అతను ఎగిరి గంతేస్తాడనుకుంది. అతను నోట్‌బుక్ మూసి దగ్గరికి లాక్కున్నాడు.

"ఒకే చోట ఉన్నవాళ్ళకి రెండు టైములెందుకున్నాయంటావ్?" అని అడిగింది.

"పాత గడియారాలు కదమ్మా, తేడాలొస్తాయి."

"ఆ మాట నాతోనే అంటున్నావా!"

అతను చొక్కా చేత్తో చెమట తుడుచుకున్నాడు.

"ఇంకేమన్నా చెప్పాలా?" మూడేళ్ళుగా ప్రతి ఆదివారం చివర్లో ఆమె అడిగే మాటే.

అతను పటం చుట్టాడు. "సర్వేవాళ్ళకి ఉత్తరం రాయాలి. వస్తానమ్మా."

"ఆదివారాలు అయిపోతాయి నాయనా."

గుమ్మంలో చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి. ఒకసారి వెనక్కి తిరిగాడు కూడా. ఆమె ఎదురుచూసింది. అతను తల ఊపి మెట్లు దిగిపోయాడు.

"మొండిఘటం!" అని గొణుక్కుంటూ ఆమె ఖాళీ గ్లాసులు తీసింది.

ఓడ దొరికినట్టే.

దాన్ని ముంచినవాళ్ళలో తన తండ్రి ఉన్నాడని అతను ఈ ఆదివారమూ చెప్పలేదు.