గెలుస్తూ చాచిన చెయ్యి

ఆట మధ్యలో మైరన్ ఎడమకంటికి పైనుంచి నల్లటి తెర దిగింది.

నొప్పి లేదు. ఐదు నిమిషాలకు తెర దానంతటదే తొలగిపోయింది.

ఎదుటి జట్టు నాయకుడు లోర్న్ వెనకే నిలబడి, అతను కన్ను నులుముకోవడం చూశాడు.

"కన్ను కనిపించలేదా?"

"ఇప్పుడు బాగానే ఉందిలే."

"ఒక్క కన్నేనా?"

"అయితే?"

"చూపు వచ్చిందని ధీమా పడకు. మెడలో రక్తనాళం పూడుకుంటోందేమో. తర్వాత దెబ్బ మెదడుకే! ఇప్పుడే ఆసుపత్రికి పద."

మైరన్‌కి ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లుగా కెనడాలోని ఈ మానిటోబా కర్లింగ్ క్లబ్బుకి తనే మకుటంలేని మహారాజు. మూడు నెలల కిందట ఊళ్లో దిగిన ఈ లోర్న్, ఇప్పుడు అందరికీ దేవుడైపోయాడు. కర్లింగ్‌లో మంచు మీద రాయి జార్చడమంటే వాడే జార్చాలట! ఆఖరికి తన భార్య నాడియా కూడా మొన్నటి విందులో వాడి పళ్లెంలో రెండు పెరోగీలు ఎక్కువే వేసింది. ఆ రెండూ మైరన్‌కి ఇంకా అరగలేదు.

లోర్న్ రెండు పాయింట్లు ముందున్నాడు. అయినా చెయ్యి చాచాడు. కర్లింగ్‌లో ఆట మధ్యలో ముందుగా చెయ్యి చాచడమంటే ఓటమి ఒప్పుకోవడమే.

"నువ్వే గెలిచావు. కప్పు నీదే. ఇక పదవయ్యా!"

అద్దాల వెనకనుంచి ఊరంతా చూస్తోంది. నాడియా కూడా.

'ఓహో, అందరి ముందూ దానకర్ణుడి వేషమా!' అనుకున్నాడు మైరన్.

"నీ ముష్టి నాకక్కర్లేదు. భయమైతే నువ్వే ఇంటికి పో!"

"బతిమాలుతున్నాను, మైరన్."

"నోరు మూసుకుని ఆడు!"

రెండు రౌండ్ల తర్వాత, రాయి వదలబోతూ మైరన్ మంచు మీద ఒరిగిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. నాడియాని పిలవబోతే మాట రాలేదు.

"కన్ను చీకటైనప్పుడే వచ్చి ఉంటే, బహుశా ఆపగలిగేవాళ్లం," అంది మర్నాడు డాక్టరమ్మ.

ఆమె వెళ్లాక నాడియా మంచం పక్కన కూలబడింది.

"లోర్న్ నిన్నటినుంచీ బయటే కూర్చున్నాడు. రమ్మంటే లోపలికి రాడు."

మైరన్ మొహం తిప్పుకున్నాడు. ఇప్పటికీ కడుపుమంట చల్లారలేదు.

"ఇన్ని సంగతులు తెలుసు కదా, డాక్టరేమో అనుకుని అడిగాను. కాదట."

నాడియా కళ్లు తుడుచుకుంది.

"ముప్పై ఏళ్ల కిందట ఒక ఆటలో తమ్ముడికి ఇలాగే కన్ను చీకటైతే, 'ఏం కాదులేరా, కప్పు గెలిచాక చూద్దాం' అని ఆడించి, వాణ్ణి ఆ మంచు మీదే పోగొట్టుకున్న అన్నయ్యట."